కామాక్షమ్మ మేడమ్ వెనక్కి తీసుకున్న పేపరు

ఇంక్యుబేటర్ తలుపు తీయగానే లోపలి వెచ్చటి తడి గాలి ముఖానికి తగిలి కళ్ళద్దాలు మసకబారతాయి. కణాలు మనిషి ఒంటి వేడిలోనే పెరుగుతాయి కాబట్టి ఆ పెట్టెలో ఎప్పుడూ ఎవరో దగ్గరగా ఊపిరి విడిచినట్టే ఉంటుంది. ఈ ఉదయం కూడా అలాగే నిలబడి అద్దాలు తుడుచుకోవడానికి చున్నీ కొస వెతుక్కుంటుంటే, "తలుపు తీసేదానికి ముందే అద్దాలు తీసి జేబులో పెట్టుకోవాల సుగుణా, ఎన్నిసార్లు చెప్పేది నీకు?" అన్న గొంతు వినిపించినట్టయింది. తిరిగి చూశాను. చూస్తే ఏముంటుంది? ఆదివారం. ల్యాబులో నేను తప్ప ఎవరూ లేరు.

ఆ గొంతు డాక్టర్ కామాక్షమ్మ గారిది. నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డులో ఉన్న ఒక చిన్న పరిశోధన కేంద్రంలో ఆమె క్యాన్సర్ కణాల మీద పనిచేసేవారు. నేను ఆమె దగ్గర పిహెచ్‌డి చేశాను. అందరికీ నాలుగైదేళ్ళు పట్టే చదువు నాకు ఏడేళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందని పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ దగ్గర్నుంచి ఉద్యోగమిచ్చినవాళ్ళ దాకా అందరూ అడిగారు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పి తప్పించుకున్నాను. ఆమెను ఎన్నడూ చూడని మీకు అసలు సంగతి చెప్పాలనిపిస్తోంది.

ఆమె పులికాట్ సరస్సు ఒడ్డున, చేపలు పట్టే ఇంట్లో పుట్టారు. ఆ ఊరి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల. పెళ్ళి చేసుకోలేదు. ఎవరన్నా అడిగితే, బస్సు తప్పిపోయినంత మామూలుగా, "తీరిక దొరకలా" అనేవారు. నేనేమో కొడవలూరులో వరి పండించే ఇంటి పిల్లను. చేరడానికి పోయినరోజు సర్టిఫికెట్లన్నీ వరసగా పేర్చుకుని కూర్చుంటే ఆమె వాటివైపు చూడనే లేదు. "మీకు పొలం ఉండాదా?" అని అడిగారు. ఉందన్నాను. "నారుమడికి నీళ్ళు పెట్టాల్సిన రోజే పండగొచ్చిందనుకో. మీ నాయన ఏం చేస్తాడు?" "నీళ్ళే పెడతాడు మేడమ్." "ఇదీ అంతే. కణాలకు ఆదివారాలు లేవు. రేపట్నుంచి రా." నా ఇంటర్వ్యూ అంతే. బీఎస్సీలో వచ్చిన బంగారు పతకం సంచిలోనే ఉండిపోయిందని ఆరోజు నాకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

ల్యాబులో చాలా రకాల కణాలు ఉండేవి. రెండు రోజులకోసారి పాత ద్రవం తీసేసి కొత్త ద్రవం పోయాలి. దాన్ని మీడియం అంటాం. మేడమ్ మాత్రం తిండి అనేవారు. అన్నిటికీ తిండి పోసే పని నాకు అప్పగించి ఒక్కదాన్ని మాత్రం తనకే ఉంచుకున్నారు. అది దవడ క్యాన్సర్ వచ్చిన ఒక జాలరి నోటి నుంచి తీసిన ముక్క నుంచి పెరిగింది. ఒంటి నుంచి విడదీసిన కణాలు మామూలుగా కొన్నాళ్ళకు చచ్చిపోతాయి. కొన్ని మాత్రం తిండి పోస్తున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. అలాంటి సంతతిని సెల్ లైన్ అంటాం. పొగాకు నమిలే మన తీరపు జనానికి వచ్చే నోటి క్యాన్సర్ మీద మందులు పరీక్షించడానికి అప్పట్లో అలాంటివి దొరికేవి కావు. మేడమ్ చెన్నైలో చదువుకునే రోజుల్లో దాన్ని పెంచి, దాని మీద ఒక పేపరు రాశారు. ఆమెకున్న పేరంతా ఆ పేపరుదే.

పేరంటే సినిమావాళ్ళ పేరు లాంటిది కాదు. పక్కవీధిలో కూరగాయలమ్మే ఆవిడకు కూడా తెలియదు. కానీ ఎక్కడో కొరియాలోనో బ్రెజిల్లోనో ఒకడు కొత్త మందు గురించి రాస్తూ, ఇదివరకు ఫలానా ఆమె ఇలా తేల్చింది కాబట్టి అని మేడమ్ పేరు వేస్తాడు. మా లోకంలో మనిషి విలువ కట్టేది దానితోనే. మేడమ్ పొద్దున వస్తూనే, టీ కూడా తాగకుండా, ఆ పేపరును కొత్తగా ఎవరెవరు వాడుకున్నారో కంప్యూటర్లో చూసుకునేవారు. ఎవరైనా ఉంటే ముఖం వెలిగిపోయేది. "సుగుణా, ఇట్రా. టర్కీలో ఒకాయన మన గోడ మీద ఇంకో వరస పేర్చినాడు చూడు" అనేవారు. కణాలు కావాలని ఎవరడిగినా తనే ప్యాకింగ్ చేసి పంపేవారు. మా బంధువుల్లో పెళ్ళి శుభలేఖలు కూడా అంత శ్రద్ధగా పంపినవాళ్ళు లేరు.

మూడో ఏడు ఆమె నన్ను తన ఊరికి తీసుకెళ్ళారు. గూడూరు దాటి, సూళ్ళూరుపేటలో బస్సు మారి, ఆ తర్వాత ఆటోలో. వాళ్ళమ్మ పోలమ్మ గారు ఇంటిముందు పాత వల పరిచి చేపలు ఎండబెడుతున్నారు. కూతుర్ని చూడగానే ఎలా ఉన్నావని కూడా అడగలేదు. "మీ నాయన బాగుండాడా?" అని అడిగారు. మేడమ్ నవ్వి, "బాగుండాడు మా. నిన్ననే తిండి పోసొచ్చినా" అన్నారు. ముసలామె తల ఊపి, "ఊఁ. జాగ్రత్త. ఆకలికి ఆగలేడు ఆయన" అని మళ్ళీ చేపలు తిరగేయడంలో పడ్డారు. ఆ జాలరి ఎవరో నాకు అప్పుడు తెలిసింది. తిరుగు బస్సులో మేడమ్ కిటికీలోంచి చూస్తూ, "పేపర్లో యాభయ్యేండ్ల మగమనిషి అని రాసినా. పేరు రాయకూడదు గదా. ఆపరేషన్ చేసిన డాక్టరు ముక్క నా చేతికిచ్చినాడు. ఆయన నెల తర్వాత పోయినాడు, అది బతికింది" అన్నారు. ఆదివారాలు ఆమె ఎవరినీ రానివ్వకుండా ఇంక్యుబేటర్ దగ్గర ఎందుకు అంతసేపు ఉంటారో ఇక అడగాల్సిన అవసరం లేకపోయింది.

ఐదో ఏడు నా థీసిస్ దాదాపు పూర్తయింది. అందులో మూడు అధ్యాయాలు ఆ కణాల మీదే. ఒక జర్నల్‌కు పేపరు పంపితే, కణాలు ఏవో రుజువు చేసే పరీక్ష చేయించి కాగితం జతపరచమన్నారు. ఈమధ్య అందరినీ అడుగుతున్నారు, లాంఛనమే అనుకున్నాను. మనుషులకు వేలిముద్రలున్నట్టు కణాలకు డిఎన్ఏలో గుర్తులుంటాయి. హైదరాబాదులో ఒక ల్యాబుకు పంపించాను. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మగమనిషి గుర్తు ఇందులో లేనే లేదని రిపోర్టు వచ్చింది. అవి ప్రపంచంలోని ల్యాబులన్నిట్లో పెరిగే, ఎప్పుడో పోయిన ఒక పరదేశపు ఆడమనిషి కణాలట. అవి ఎంత వేగంగా పెరుగుతాయంటే ఒక్క చుక్క పక్కదాంట్లో పడితే చాలు, వరిలో ఊద కలుపు పెరిగినట్టు పెరిగి, కొన్ని వారాల్లో అసలుదాన్ని లేకుండా చేస్తాయి. చూడడానికి తేడా తెలియదు. ఊద కూడా వెన్ను తీసేదాకా వరిలాగే ఉంటుంది.

ఆ కాగితం మూడు రోజులు నా సంచిలోనే ఉంది. చింపేసి, ఇంకెవరో మగమనిషి కణాలు పంపి, కాగితం తెచ్చుకుంటే ఎవరికి తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ అనుకున్నది నిజం. నాలుగో రోజు మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆమె రెండుసార్లు చదివారు. "ఇంకోసారి పంపు. మంచులో గడ్డకట్టించి దాచిన వాటిల్లో అన్నిటికంటే పాతది తీసి పంపు" అన్నారు. పంపాను. పేపరు రాయకముందు దాచిన దానికి కూడా అదే జవాబు. అంటే నేను ఆ ల్యాబులో అడుగుపెట్టకముందే, పేపరు రాయకముందే, వాళ్ళ నాన్న కణాలు ఎప్పుడో పోయాయి. ఆమె ఇరవై ఏళ్ళకు పైగా తిండి పోసింది ఇంకెవరికో.

"ఒక్కో సెల్ లైనుకు ఒక్కో తిండి సీసా ఉండాల. నీకు మొదటిరోజే చెప్పినా గదా" అన్నారామె. "నాయన పెద్దకర్మ అయినాక ఊరినుంచి నేరుగా ల్యాబుకొచ్చినా. నా సీసాలో మీడియం చెడిపోయుండాది. పక్కబల్ల ఆమె, ఆ పరదేశపు కణాలకు పోసే సీసా తీసి పోసినా. ఒక్కరోజు. ఆరోజై ఉంటుంది. కాకపోయినా కాకపోవచ్చు. నాకు తెలీదు." ఏడుస్తారేమోనని భయపడ్డాను. ఏడవలేదు. కాగితం తీసుకుని జర్నల్‌కు ఉత్తరం రాయడం మొదలుపెట్టారు.

పేపరు వెనక్కి తీసుకోవడమంటే, నేను చెప్పింది నమ్మకండి అని, చెప్పిన చోటే మళ్ళీ అచ్చు వేయించడం. చెన్నైలో ఆమెకు చదువు చెప్పిన పెద్దాయన ఫోన్ చేశారు. నేను ఎదురుగానే ఉన్నాను. "ఎవరన్నా అడిగారా కామాక్షీ? అడగలేదు కదా. మరి నీకెందుకంత తొందర? ఆ పేపరు మీద నా పేరు కూడా ఉంది" అంటున్నారాయన. "అడిగిందాక ఉండాల్నా సార్?" అన్నారు ఈమె. ఆయన మళ్ళీ ఫోన్ చేయలేదు. మా కేంద్రంలో ఒకాయన క్యాంటీన్లో అందరూ వినేలా, "భస్మాసురుడన్నా ఇంకొకరు ఆడిస్తే నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఈమె ఎవరూ చెప్పకుండానే పెట్టుకునింది" అని నవ్వాడు. కొందరు నవ్వారు. మీటింగులకు పిలుపులు ఆగిపోయాయి. కొత్త విద్యార్థులు ఆమె దగ్గర చేరడం మానేశారు. పక్కగదుల వాళ్ళు కనిపిస్తే నమస్కారం పెట్టి తొందరగా వెళ్ళిపోయేవారు.

మరి నేను? నాకు కడుపు మండిపోయింది. నా మూడు అధ్యాయాలు పోయాయి. మా నాన్న పొలం పనికి మనుషులు దొరక్క అవస్థపడుతూ, "ఇంకెన్నాళ్ళుమే నీ చదువు?" అని అడిగిన ప్రతిసారీ మేడమ్‌నే తిట్టుకునేదాన్ని. తప్పు ఆమెది, శిక్ష నాది అనుకున్నాను. కిటికీ ఉందన్న వంకతో నా బల్ల పక్కగదిలోకి మార్చుకున్నాను. అంతకుముందు మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినేవాళ్ళం. ఆమె ఎండుచేపల పులుసు తెచ్చేవారు, నేను పప్పు తెచ్చేదాన్ని. బల్ల మార్చుకున్నాక ఆమె మూడు నాలుగు రోజులు నా గది గుమ్మం దాకా వచ్చి, "తిందామా?" అని అడిగారు. "ఆకలిగా లేదు మేడమ్" అన్నాను. ఐదోరోజు నుంచి రాలేదు. నేను ఒక్కదాన్నే తిన్నాను. గోడకు అవతల ఆమె టిఫిన్ క్యారియర్ మూత తీసిన చప్పుడు వినిపించేది. ఎనిమిది నెలలు ఇలా జరిగింది.

ఒక ఆదివారం ఏదో పుస్తకం కోసం పోతే, ఆమె ఆ కణాల ఫ్లాస్కులన్నీ బయట వరసగా పెట్టుకుని బ్లీచింగు నీళ్ళు పోస్తున్నారు. ఎర్రగా ఉన్న ద్రవం రంగుపోయి తెల్లబడుతోంది. ఒక్కొక్క దానిలో పోసి, కాసేపు చూసి, తర్వాతది తీసుకుంటున్నారు. నేను వరండాలో నిలబడి చూశాను. లోపలికి పోయి చేయి వేసి ఉంటే బాగుండేది. పోలేదు. చెప్పులు చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

ఆ తర్వాత ఆమె ఒక కొత్త పని పెట్టుకున్నారు. పేపరు వెనక్కి తీసుకున్నా దాన్ని వాడుకునేవాళ్ళు ఆగలేదు. ఎవరూ వెనక్కి తీసుకున్న ప్రకటన చదవరు. ఒకరు రాసింది చూసి ఇంకొకరు ఎత్తి రాసుకుంటారు. మేడమ్ మొదటినుంచీ దాన్ని వాడుకున్న ప్రతి ఒక్కరికీ వరసగా ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. "అయ్యా, మీరు నా పేపరును ఆధారంగా తీసుకున్నారు. అందులోని కణాలు నేను చెప్పినవి కావు. మీ పనిని దయచేసి ఒకసారి సరిచూసుకోండి. తప్పు నాది." ఇంతే, ఇంగ్లీషులో. రోజుకు రెండో మూడో. ఒకప్పుడు టీ తాగకుండా చూసుకునే ఆ జాబితానే ఇప్పుడు కూడా టీ తాగకుండా చూసేవారు, ముఖంలో వెలుగు లేకుండా. జవాబులు చాలా తక్కువ. ఒకాయన మా ఐదేళ్ళ పని నాశనం చేశావని రాశాడు. ఆ ఉత్తరం చూపించడానికి ఆమె నా గదికి వచ్చారు. నాతో మాట్లాడడానికి ఆమెకు అదొక్కటే దొరికింది. "చచ్చిన పాము అనుకుంటి సుగుణా, ఇంకా పాకతానే ఉండాది" అన్నారు. అప్పుడు నాకు ఏమైందో తెలియదు, ఏడుపొచ్చింది. మర్నాడు నా బల్ల మళ్ళీ ఆమె గదిలోకి మార్చుకున్నాను. ఆమె కొంచెం జరిగి చోటిచ్చారు.

ఇంకో రెండేళ్ళు పట్టింది, కొత్త కణాలతో అన్నీ మళ్ళీ చేయడానికి. ఆ రెండేళ్ళలో నేర్చుకున్నదే ఈరోజు నాకు కూడు పెడుతోంది. ఒక్క విషయం మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. ప్రపంచంలో ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ ఉత్తరాలు రాసి తప్పు ఒప్పుకున్న మనిషి, ప్రతి శుక్రవారం అమ్మ ఫోన్ చేసినప్పుడు, "ఆఁ, బాగుండాడు మా. పోసినా, పోసినా" అనేవారు. ఒకసారి ఫోన్ పెట్టేశాక నా వైపు చూసి, "అందరికీ చెప్పగలిగినా. ఈమెకు చెప్పలేకపోతా ఉండా" అన్నారు. ఊరుకోండి మేడమ్ అన్నాను.

నాకు తిరుపతిలో ఉద్యోగం వచ్చిన రెండేళ్ళకు ఆమె పోయారు. మెదడులో నరం చిట్లి, రెండు రోజుల్లో. సంతాపసభకు పోయాను. బ్యానరు కట్టారు, ఫోటోకు దండ వేశారు. ఆమెకు నమస్కారం పెట్టి తప్పుకుపోయినవాళ్ళే ముందు వరసలో కూర్చున్నారు. మాట్లాడిన పెద్దమనిషి ఇంటర్నెట్‌లో చూసి రాసుకొచ్చిన కాగితం తీసి, ప్రపంచ దేశాలన్నీ ఉదహరించిన గొప్ప పేపరని చదివాడు. అదే పేపరు. ఆమె బతికి ఉన్న చివరి ఏళ్ళన్నీ వద్దు వద్దని ఉత్తరాలు రాసిన పేపరు. లేచి చెప్పాలని కాళ్ళు కదిలాయి. పోయినామె పరువు తీశానంటారేమోనని కూర్చుండిపోయాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారి మొదటి బస్సుకు పులికాట్ పక్కన మేడమ్ వాళ్ళ ఊరికి పోయాను. పోలమ్మ గారు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. చేపలు ఎండబెట్టడం ఎప్పుడో మానేశారట, కళ్ళు సరిగా కనపడవు. పేరు చెప్పగానే నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. కాసేపు ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆమె ముక్కు చీది, "మే, పాప పోయిండాది గదా. ఇప్పుడు ఆయనకు తిండి ఎవరు పోస్తా ఉండారు?" అని అడిగారు.

నేనే పోస్తున్నానవ్వా అంటే సరిపోయేది. ఎనభై ఏళ్ళ మనిషికి ఇంకేం కావాలి? కానీ నిన్న కొట్టిన చప్పట్లు చేతుల్లో ఇంకా మండుతున్నాయి. చెప్పేశాను. ఆ కణాలు తాతవి కావని, మొదట్లోనే తాత కణాలు పోయాయని, ఇన్నేళ్ళూ ఉన్నది ఎవరో పరాయి ఆడమనిషివని, అది తెలిశాక మేడమ్ వాటిని చంపేశారని, నీకు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదని. నాకు చేతనైనంత మెల్లగా చెప్పాను.

మొగుడు రెండోసారి పోయినట్టు అవ్వ ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. నా చేయి కూడా వదల్లేదు.

"ఆయన పోయిండేది నాకు తెలుసులే" అన్నారు. "నా చేతులతోనే సాగనంపితి గదా. సీసాలో ఉండేది మనిషి కాదని తెలీనంత ఎర్రిదాన్నా? పెండ్లి లేదు, పిల్లా జెల్లా లేదు, దానికి ఆడ ఎవురుండారు? వాళ్ళ నాయన ఉండాడులే తోడు అనుకుంటా నిద్రపోతా ఉంటిని. అందుకే అడిగేది వారం వారం." ఆమె కనపడని కళ్ళతో నా ముఖం వైపు తిరిగారు. "అయితే నా బిడ్డ ఆడ ఒక్కతే ఉండిందా మే, ఇన్నేండ్లూ?"

నేనున్నానవ్వా అని నోటిదాకా వచ్చింది. గోడకు అవతల విన్న క్యారియర్ మూత చప్పుడు గుర్తొచ్చింది. వరండాలోంచి వెనక్కి తిరిగి వచ్చేయడం గుర్తొచ్చింది.

"ఒక్కతే ఉండిందవ్వా" అన్నాను.

మేడమ్ పెట్టిన జాబితాలో మిగిలిన ఉత్తరాలు ఇప్పుడు నేను రాస్తున్నాను, ఆదివారాలు, కణాలకు తిండి పోశాక. నా పేరుతో అచ్చయినవాటిల్లో ఏది తప్పని తేలినా రేపే వెనక్కి తీసుకుంటాను. ఆ పని ఆమె దగ్గర నేర్చుకున్నాను. పోలమ్మ గారికి ఆరోజు చివరగా చెప్పిన ఒక్క మాటను మాత్రం ఎన్ని విధాలుగా సరిచూసుకున్నా వెనక్కి తీసుకోలేకపోతున్నాను.